జవాబు చెప్పకండి మాస్టారూ

(శ్రీకాకుళంలో జరిగిన డిగ్రీ కాలేజీ కామర్స్, మేనేజ్‌మెంట్ అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినబడుతోందా? సరే. ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి వచ్చినవాళ్లున్నారు. బొబ్బిలి, రాజాం నుంచి బస్సులో వచ్చినవాళ్లున్నారు. మీ అందరి ప్రయాణానికీ తగ్గ మాటలు చెప్పాలని ఉంది. కేసులతో పాఠం చెప్పడం, అంటే ఒక వ్యాపార సమస్యని కథలా ఇచ్చి పిల్లల చేతే తేల్పించడం, ఇదీ ఈ రోజు విషయం. నేరుగా అందులోకి వెళ్తాను.

ఒక పెళ్లి ఇల్లు. పొద్దున తొమ్మిది గంటలు. పెళ్లికూతురి నాన్న వంట మేస్త్రీ దగ్గరికి వచ్చి, మూడొందల మందికి అన్నం వండమన్నాడు. అరగంట పోయాక పెళ్లికూతురి మేనమామ వచ్చి, మా ఊరి నుంచి రెండు బస్సులు వస్తున్నాయి, నాలుగొందల మందికి వండు అన్నాడు. మేస్త్రీ ఎవరి మాట వినాలి? మనందరం ఈ ఉదాహరణ ఏదో ఒక రూపంలో క్లాసులో చెప్పినవాళ్లమే. చెప్పి, ‘చూశారా, ఒక మనిషికి ఒకే పై అధికారి ఉండాలి, దీన్నే యూనిటీ ఆఫ్ కమాండ్ అంటారు, హెన్రీ ఫేయల్ చెప్పిన 14 మేనేజ్‌మెంట్ సూత్రాల్లో ఇదొకటి’ అంటాం. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో రాస్తారు. అయిదు మార్కులకి నాలుగు వేస్తాం.

ఇది మంచి ఉదాహరణే, కాదనను. కానీ ఇది కేసు కాదు. ఎందుకు కాదు? జవాబు ముందే మాస్టారి జేబులో ఉంది. పిల్లలు చేయాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు ఇదే కథ ఇంకో రకంగా చెప్తాను, వినండి. టైము పదకొండు. ఎసరు మరుగుతోంది. పెళ్లికూతురి నాన్న కన్యాదానం పీటల మీద ఉన్నాడు, లేవడానికి లేదు. మేనమామ బస్సులకి ఎదురెళ్లాడు, ఫోన్ ఎత్తడం లేదు. బియ్యం ఎక్కువ పోస్తే ఆ ఖర్చు ఎవరిస్తారో మేస్త్రీకి తెలియదు. తక్కువ పోస్తే మళ్లీ ఈ ఊళ్లో అతన్ని పిలిచేవాళ్లు ఉండరు. మీరే ఆ మేస్త్రీ. బియ్యం ఎంత పోస్తారు?

చూడండి, ఇప్పుడు మీలో కొందరు పక్కవాళ్లతో మాట్లాడుతున్నారు. ఇందాక ఎవరూ మాట్లాడలేదు. రెండు కథల్లోనూ మనుషులు వాళ్లే, బియ్యం అవే. రెండోదాంట్లో నిర్ణయం మీ నెత్తి మీద పెట్టాను, జవాబు చెప్పలేదు. కేసు అంటే నాకు తెలిసింది ఇదే. ఒక మనిషి, ఒక నిర్ణయం, దానికో గడువు, చేతిలో సగం సమాచారం.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. 1870లో హార్వర్డ్ లా స్కూల్లో లాంగ్‌డెల్ అనే ఆయన, న్యాయశాస్త్రం ఉపన్యాసాలతో కాదు, కోర్టు తీర్పులు చదివించి, ప్రశ్నలు వేసి నేర్పాలని మొదలుపెట్టాడు. 1908లో అక్కడే బిజినెస్ స్కూల్ వచ్చింది. 1919లో దానికి డీన్‌గా వచ్చిన డోనమ్ స్వయంగా లా చదివినవాడు. ఆ పద్ధతిని వ్యాపార పాఠాల్లోకి గట్టిగా తెచ్చింది ఆయనే. వాళ్ల మొదటి కేసు 1921లో వచ్చింది, ఒక చెప్పుల కంపెనీ మీద. మన దేశంలో 1961లో అహ్మదాబాద్ ఐఐఎం పెట్టినప్పుడు హార్వర్డ్ సహకారంతో ఈ పద్ధతీ అక్కడికి వచ్చింది. ఇప్పుడు మనకి దగ్గర్లో విశాఖపట్నంలోనే 2015 నుంచి ఐఐఎం ఉంది.

ఇంతవరకూ బాగుంది. కానీ ఒక్కటి గమనించండి. ఈ పద్ధతి పెద్ద చదువుల కోసం తయారైంది. హార్వర్డ్ ఎంబీఏలో కూర్చున్నవాళ్లలో చాలామంది కొన్నేళ్లు ఎక్కడో ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు. వాళ్లకి ఇరవై పేజీల కేసు ఇచ్చి, రాత్రికి చదువుకుని రమ్మంటే చదువుకుని వస్తారు. మన బీకాం, బీబీఏ పిల్లల వయసు పద్దెనిమిది. కంపెనీ బోర్డు మీటింగ్ అంటే వాళ్లకి ఏం తెలుస్తుంది?

నేను మొదటిసారి కేసుతో క్లాసుకి వెళ్లినప్పుడు ఒక అమెరికన్ కంపెనీ కేసు పట్టుకెళ్లాను. పేరున్న కేసు. పద్నాలుగు పేజీలు. యాభై నిమిషాల పీరియడ్‌లో ఇరవై నిమిషాలు ఆ కంపెనీ అమ్మే వస్తువు ఏమిటో చెప్పడానికే సరిపోయింది. మిగతా ముప్పై నిమిషాలు నేనే ప్రశ్న వేసి నేనే జవాబు చెప్పాను. పిల్లలు చాలా మర్యాదగా విన్నారు. బయటికొచ్చాక నాకు బాధేసింది. ఆ క్లాసులో కూర్చున్న పిల్లల ఇళ్లలో కిరాణా కొట్లున్నాయి, టిఫిన్ బండ్లున్నాయి, కొబ్బరి తోటలున్నాయి, జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మలున్నారు. వ్యాపారం గురించి నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్లకి తెలియనిది ఆ పేర్లు మాత్రమే. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి కావాల్సిన డబ్బు) అన్న పేరు తెలియదు, కానీ అది లేకపోతే ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. నేను వాళ్లకి తెలిసింది వదిలేసి తెలియనిది మోసుకెళ్లాను.

అప్పటి నుంచి మన ఊళ్ల కేసులే రాసుకుంటున్నాను. రెండు పేజీలు, అంతకు మించి కాదు. వాటిలో ఒకటి క్లాసులో ఎలా నడిచిందో మీకు పూర్తిగా చెప్తాను, ఎందుకంటే ఈ విషయం చెప్తే తెలిసేది కాదు, చూస్తేనే తెలుస్తుంది.

పలాసలో ఒక చిన్న జీడి ఫ్యాక్టరీ. యజమాని దగ్గరికి వెళ్లి, ఆయన అనుమతితోనే రాసుకున్నాను. పేరు మార్చాను, అంకెలు లెక్కకి వీలుగా సర్దుకున్నాను. అది తప్పు కాదు, కానీ సర్దుకున్నామని పిల్లలకి చెప్పాలి. ఫ్యాక్టరీ రోజుకి నాలుగు బస్తాల పిక్కలు ఆడిస్తుంది. పలాస వైపువాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఉడకబెట్టి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడ్ చేస్తే 20, 22 కిలోల పప్పు వస్తుంది. కటింగ్, పీలింగ్ దగ్గర ఇరవై మంది ఆడవాళ్లు. రోజు కూలి కేసులో 300 అని పెట్టాను.

ఉద్దానం తోటల పిక్క మార్చి చివర నుంచి మే దాకా వస్తుంది. తర్వాత తొమ్మిది నెలలూ ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చే పిక్క మీద ఆధారపడాలి. ఆ తొమ్మిది నెలలకీ 900 బస్తాలు కావాలి. సీజన్‌లో బస్తా 9,000. సీజన్ దాటాక 10,000 కావచ్చు. కానీ ఒక ఏడాది ఓడల పిక్క ఎక్కువ దిగి 8,400కి పడిపోయింది. బ్యాంకు అప్పు ఇస్తానంటోంది, వడ్డీ 12 శాతం. గోడౌన్ అద్దె నెలకి 10,000. ఈ రోజు మే 20. యజమాని ఏం చెయ్యాలి? మొత్తం ఇప్పుడే కొనాలా, నెలనెలా కొనుక్కోవాలా?

కేసు అంతే.

క్లాసులో అరవై మంది. నేనే గట్టిగా చదివాను. ఇంట్లో చదువుకుని రండని నేను అడగను. సాయంత్రం షాపుల్లో పనిచేసే పిల్లలున్నారు, ట్యూషన్లు చెప్పుకునేవాళ్లున్నారు, రెండు బస్సులు మారి ఇంటికెళ్లేవాళ్లున్నారు. చదవకుండా వచ్చారని కోప్పడటం కంటే మొదటి పది నిమిషాలు క్లాసులోనే చదివిస్తే మేలు. తర్వాత అయిదుగురేసి గుంపులుగా కూర్చుని పదిహేను నిమిషాలు మాట్లాడుకోమన్నాను. బోర్డుని మూడు భాగాలు చేశాను. ఎడమ పక్క ‘ఏం చేయొచ్చు’, మధ్యలో ‘లెక్కలు’, కుడి పక్క ఖాళీ.

మొదట అందరూ ఒకటే మాట. ‘ఇప్పుడే కొనెయ్యాలి సార్, బస్తాకి వెయ్యి మిగులుతుంది, 900 బస్తాలకి తొమ్మిది లక్షలు.’ సరే, రాశాను. కొంచెం సేపటికి ఒక అబ్బాయి లేచి, ‘మరి వడ్డీ?’ అన్నాడు. 81 లక్షల సరుకు. కానీ మొత్తం తొమ్మిది నెలలూ ఉండదు, రోజూ కొంత తరుగుతూ పోతుంది కాబట్టి సగటున సగం అనుకోవాలని వాడే అన్నాడు. నేను చెప్పలేదు! 40 లక్షల 50 వేల మీద తొమ్మిది నెలల వడ్డీ దాదాపు మూడు లక్షల అరవై అయిదు వేలు. అద్దె తొంభై వేలు. రెండూ కలిపి నాలుగున్నర లక్షలు. అంటే తొమ్మిది లక్షల లాభం సగమైపోయింది. ఇంకో గుంపు, ‘ధర పడిపోతే?’ అంది. 8,400కి పడితే బస్తాకి 600 నష్టం, అది అయిదు లక్షల నలభై వేలు, దాని మీద వడ్డీ, అద్దె. దాదాపు పది లక్షలు పోతాయి. వస్తే నాలుగున్నర, పోతే పది. క్లాసు అంతా అటు నుంచి ఇటు తిరిగిపోయింది. ‘వద్దు సార్, నెలనెలా కొనుక్కోవాలి.’

ఇక్కడ నా మనసులో ఏముందో చెప్తాను. నాకు అక్కడే ఆపేసి, ఇన్వెంటరీ (సరుకు నిల్వ) ఫార్ములా రాసి, క్యారీయింగ్ కాస్ట్, అంటే సరుకు నిల్వ ఉంచడానికయ్యే ఖర్చు, ఇదీ అని చెప్పెయ్యాలనిపించింది. సుద్దముక్క చేతిలో ఉంది. సిలబస్ టెన్షన్ మీకు తెలుసు కదా, యూనిట్ ఇంకా సగం ఉంది. ఏమో, ఆ రోజు ఆగాను. ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. మాస్టారు మాట్లాడకుండా పది సెకన్లు నిలబడటం ఎంత కష్టమో ఎప్పుడైనా చూసుకున్నారా? చాలా కష్టం.

మూడో వరసలోంచి ఒక అమ్మాయి అంది: ‘సార్, లోడు లేటైతే?’

వాళ్లమ్మ పలాసలో పీలింగ్‌కి వెళ్తుందట. ‘పిక్క లేకపోతే ఫ్యాక్టరీ ఆపేస్తారు సార్. ఆపేసిన రోజు కూలి ఉండదు. రెండు రోజులు చూస్తారు, మూడో రోజు పక్క ఫ్యాక్టరీకి పోతారు. మళ్లీ ఓ పట్టాన రారు.’

ఇది నా కేసులో లేదు. నేను ఫ్యాక్టరీకి వెళ్లి, యజమాని కుర్చీ పక్కన కూర్చుని రాసుకొచ్చిన కేసు అది. పీట మీద కూర్చుని పొట్టు తీసేవాళ్ల వైపు నుంచి నేను చూడలేదు. అక్కడి నుంచి క్లాసు నా చేతుల్లో లేదు, వాళ్లే నడిపారు. లోడుకి చెప్పిన తర్వాత మామూలుగా పది రోజులకి వస్తుంది, ఒక్కోసారి ఇంకో వారం ఆలస్యమవుతుంది. వారం అంటే ఏడు రోజులు, రోజుకి నాలుగు బస్తాలు, 28 బస్తాలు ఎప్పుడూ అదనంగా గోడౌన్‌లో ఉండాలి అన్నారు. వడ్డీ లెక్క వేసిన అబ్బాయి, ‘మనుషులు రెండు రోజులు ఆగుతారు అంటున్నావు కదా, అయితే అయిదు రోజులకే ఉంచితే చాలు, 20 బస్తాలు’ అన్నాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ‘ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారు?’ అంది.

లెక్క వేశారు. ఎనిమిది బస్తాల తేడా, 72,000 రూపాయలు. దాని మీద ఏడాది వడ్డీ 8,640. ఇటు పక్క ఇరవై మందికి రెండు రోజుల కూలి 12,000, అదీ ఒక్కసారి ఆగితే. ఆ 8,640 యజమాని ఖాతాలో కనబడుతుంది. ఈ 12,000 ఏ ఖాతాలోనూ కనబడదు. కనబడకపోతే లెక్కలోకి రాదా? ఈ ప్రశ్న ఏ పాఠ్యపుస్తకం నుంచి వచ్చింది చెప్పండి? ఆ క్లాసులో ఆ ప్రశ్న మీద పెద్ద వాదనే జరిగింది. తేలలేదు. తేలకపోయినా ఫర్వాలేదు.

బోర్డు కుడి పక్క ఖాళీగా ఉంచానన్నాను కదా. బెల్లు కొట్టే ముందు, చివరి అయిదు నిమిషాల్లో అక్కడ మూడు మాటలు రాశాను. క్యారీయింగ్ కాస్ట్, లీడ్ టైమ్ (లోడు రావడానికి పట్టే ఆ పది రోజులు), సేఫ్టీ స్టాక్ (ఆలస్యమైతే అని ఉంచుకునే ఆ అదనపు బస్తాలు). ‘మీరు ఇంతసేపు మాట్లాడినవాటికి పుస్తకంలో పేర్లు ఇవి’ అన్నాను. అంతే. నిర్వచనం నేను చెప్పలేదు, వాళ్లనే రాసుకు రమ్మన్నాను. మర్నాడు ఒక కుర్రాడు సేఫ్టీ స్టాక్ గురించి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసుకొచ్చాడు. గ్రామర్ తప్పు ఉంది. కానీ అందులో ‘లేటు’ ఉంది, ‘మనుషులు’ ఉన్నారు. గైడులో ఉండే నిర్వచనంలో మనుషులు ఉండరు.

ఇక్కడ భాష గురించి ఒక మాట. 2021-22 నుంచి మన డిగ్రీలన్నీ ఇంగ్లీష్ మీడియం అయ్యాయి. పన్నెండో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల కూడా ఇంగ్లీషులోనే పరీక్ష రాయాలి. అందుకని క్లాసులో చర్చ కూడా ఇంగ్లీషులోనే జరగాలని కొందరు పట్టుబడుతున్నారు. నేను ఒప్పుకోను. ‘లోడు లేటైతే’ అన్న ఆ రెండు మాటలు ఇంగ్లీషులోనే అనాలని నేను షరతు పెట్టి ఉంటే, ఆ అమ్మాయి నోరు విప్పేది కాదు. ఆలోచించేది తెలుగులో ఆలోచించనివ్వండి, వాదించేది తెలుగులో వాదించనివ్వండి. మన యాసలోనే మాట్లాడనివ్వండి, సిక్కోలు మాటకి ఏం తక్కువ? ఆ తర్వాత అదే విషయం ఇంగ్లీషులో ఒక పేజీ రాయించండి. చెప్పడానికి విషయం ఉన్నప్పుడు భాష వెనకాలే వస్తుంది. విషయం లేకుండా భాష పట్టుకుంటే బట్టీయే మిగులుతుంది.

అన్నిటికీ కేసులు పనికిరావు. ఆ మాట కూడా చెప్పాలి. డెబిట్, క్రెడిట్ కేసుతో నేర్పలేం. తరుగుదల పట్టిక వెయ్యడం చేత్తో చేయించాలి, పది లెక్కలు చేయించాలి. యూనిట్‌కి ఒక్క కేసు చాలు. సెమిస్టర్‌కి అయిదు. అంతకు మించితే సిలబస్ అవ్వదు, పిల్లలకి కూడా మొహం మొత్తుతుంది. ఎక్కడ నిర్ణయం ఉందో అక్కడే కేసు వాడండి. ధర ఎంత పెట్టాలి, అప్పు చెయ్యాలా వద్దా, మనిషిని తీసుకోవాలా, ఉన్నవాళ్లతోనే లాగాలా. అలాంటి చోట్ల.

ఇంకో పొరపాటు కూడా చేశాను, మీరు చెయ్యకండి. మొదట్లో రెండు మూడు కేసులు బాగా నడిచాక, చివర్లో ‘అసలు ఆ యజమాని ఏం చేశాడంటే’ అని చెప్పేవాణ్ణి. పిల్లలు అడుగుతారు కదా, చెప్తే తప్పేముంది అనుకున్నాను. నాలుగో కేసు వచ్చేసరికి ఎవరూ వాదించడం లేదు. పెన్ను పట్టుకుని చివరి అయిదు నిమిషాల కోసం ఎదురుచూస్తున్నారు. ఎలాగూ మాస్టారు చెప్తారు కదా. తప్పు వాళ్లది కాదు, ఆ అలవాటు చేసింది నేను. ఇప్పుడు అడిగినా చెప్పను. జీడి ఫ్యాక్టరీ యజమాని ఏం చేశాడో ఇప్పటికీ ఆ బ్యాచ్‌కి తెలియదు. ఒకరిద్దరు దారిలో కనబడి అడుగుతూనే ఉంటారు.

కేసులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. మన చేతిలోనే ఉన్నాయి. మొదటి సంవత్సరం అయ్యాక పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేస్తున్నారు. తర్వాత ఇంటర్న్‌షిప్‌లు. ఆ రిపోర్టులు బీరువాలో పడున్నాయి. నిజం చెప్పండి, ఎంతమంది మళ్లీ తీసి చూశారు? వెళ్లిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక్క పని చెప్పండి: అక్కడ ఒక మనిషి తేల్చుకోలేకపోతున్న ఒక్క విషయం రాసుకు రా, అంకెలతో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. కొత్త జీడి మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు. ఆ మూడు నాలుగేళ్లు ఆ రైతు ఏం పెట్టుకుని బతకాలి, మళ్లీ జీడే వెయ్యాలా? ఇంతకన్నా పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ కేసు ఎక్కడుంది? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్ర తొలిచి వీణలు చేసేవాళ్లున్నారు. కచేరీకి వాయించే పెద్ద వీణ చెయ్యాలా, షోకేసులో పెట్టుకునే చిన్న బొమ్మ వీణ చెయ్యాలా? చేతులు అవే, రోజులు అవే. ఇది ప్రోడక్ట్ మిక్స్, అంటే ఏ వస్తువు ఎంత చెయ్యాలన్న ప్రశ్న, కాదా?

రాసేటప్పుడు మాత్రం ఆ ఇంటివాళ్లని అడిగి రాయండి. అప్పుల లెక్క, కూలీల లెక్క వాళ్ల గుట్టు. పేర్లు మార్చండి, ఊరు కూడా మార్చాల్సి వస్తే మార్చండి. ఎవరినీ తెలివితక్కువవాడిలా రాయకండి. క్లాసులో కూర్చున్న పిల్లల్లో ఒకరి నాన్న కావచ్చు ఆయన.

ఇంక మాటలు చాలు. మీ అందరి ముందూ ఒక జిరాక్స్ కాగితం ఉంది, ఇందాకటి నుంచి దేనికని చూస్తున్నారు. తిప్పండి. పొందూరు కేసు. ఒక పేజీయే. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఇంట్లో ఆడవాళ్లు రాట్నం మీద సన్న నూలు తీసి, మగ్గం మీద నేసే కుటుంబం. అరవై పంచెలకి ఆర్డరు వచ్చింది, మూడు నెలల గడువు. వాళ్ల చేతులతో ముప్పై అయిదే అవుతాయి. సగం అడ్వాన్సు ఇప్పటికే తీసుకున్నారు, అందులో కొంత కూతురి కాలేజీ ఫీజుకి కట్టేశారు. తెలిసిన వ్యాపారి ఒకడు, మిగతా పాతికకీ మిల్లు నూలు వాడండి, ఎవరికీ తెలియదు అంటున్నాడు. ఆర్డరు ఇచ్చినాయన రేపు పొద్దున్న ఫోన్ చేస్తానన్నాడు.

పది నిమిషాలు చదవండి. పక్కవాళ్లతో మాట్లాడుకోండి. రేపు పొద్దున్న ఫోన్‌లో ఆ నేతగాడు ఏం చెప్పాలో తేల్చండి. నన్ను అడగకండి, నేను ఇక్కడ నిలబడి ఉంటాను, అంతే. ముందు ఎవరు మాట్లాడతారు? ఆఁ, చివరి వరసలో మేడం గారు, చెప్పండి.